ఇంజనీర్ల సంస్థ: మద్రాసులో నమోదు, ఇంజనీరింగ్ విద్యలో పాత్ర

ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్, ఇండియా వందేళ్లు దాటిన వృత్తి సంఘం. వాడుకలో ఐఈఐ అంటారు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ మొదలుకొని గనులు, వస్త్ర పరిశ్రమ, వ్యవసాయం, నౌకా ఇంజనీరింగ్ దాకా మొత్తం పదిహేను విభాగాల ఇంజనీర్లు ఇందులో సభ్యులు. ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉన్నా, చట్టప్రకారం ఈ సంస్థ నమోదైంది మద్రాసులో. దాని తమిళనాడు రాష్ట్ర కేంద్రం చెన్నై చేపాక్కంలో స్వామి శివానంద శాలైలో ఉంది. సభ్యత్వాలు, సదస్సులు, పత్రికలు ఏ వృత్తి సంఘానికైనా ఉంటాయి. ఈ సంస్థను ప్రత్యేకంగా చెప్పుకోవలసింది మరొక పనికి: కాలేజీ గడప తొక్కలేని పనివాళ్లకు ఇంజనీరు కావడానికి అది ఒక పరీక్ష పెట్టింది. 1928లో మొదలైన ఆ పరీక్ష పేరే ఏఎంఐఈ.

నమోదు

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో భారతదేశ పరిశ్రమల స్థితిగతులను పరిశీలించడానికి బ్రిటిష్ ప్రభుత్వం సర్ థామస్ హాలండ్ అధ్యక్షతన ఇండియన్ ఇండస్ట్రియల్ కమిషన్‌ను వేసింది. 1916 నుంచి 1918 వరకు పనిచేసిన ఆ కమిషన్, యంత్రాల కొరతతో పాటు శిక్షణ పొందిన మనుషుల కొరతనూ గట్టిగా ఎత్తిచూపింది. దేశంలోని ఇంజనీర్లకు సొంత సంఘం ఉండాలన్న ఆలోచన ఆ వాతావరణంలోనే రూపు కట్టింది. 1919లో హాలండే అధ్యక్షుడుగా ఒక నిర్వాహక సంఘం ఏర్పడింది. మొదట అనుకున్న పేరు ఇండియన్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్. తర్వాత ఇప్పటి పేరు ఖాయమైంది. 1913 నాటి భారత కంపెనీల చట్టం కింద 1920 సెప్టెంబరు 13న మద్రాసులో సంస్థ నమోదైంది. 1921 ఫిబ్రవరి 23న కలకత్తాలో వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ప్రారంభోత్సవం చేశారు. విక్టోరియా మెమోరియల్ నిర్మాణంతో ముడిపడిన మార్టిన్ కంపెనీ భాగస్వామి సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ సంస్థ తొలినాళ్ల అధ్యక్షుల్లో ఒకరు. 1935లో రాయల్ చార్టర్ దక్కింది.

లండన్‌లో ఇలాంటి సంఘాలు అప్పటికే బాగా పాతుకుపోయాయి. అక్కడి సివిల్ ఇంజనీర్ల సంస్థ 1818లో పుట్టి, పదేళ్లకే రాయల్ చార్టర్ పొందింది. బ్రిటన్‌లో చాలాకాలం ఇంజనీరు తయారయ్యేది విశ్వవిద్యాలయంలో కంటే వర్క్‌షాపులో, పెద్ద ఇంజనీరు కింద శిష్యరికంలో. శిష్యరికం పూర్తయినవాడికి ఎంత వచ్చో తేల్చే బాధ్యత వృత్తి సంఘం తీసుకునేది. భారత సంస్థ అనుసరించిన పద్ధతి ఇదే. అమెరికాలో దారి వేరు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా ఇంజనీరింగ్ అధ్యాపకులే తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. ఇవాళ్టి అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్ దాని కొనసాగింపే. పాఠం ఎలా చెప్పాలి, పాఠ్య ప్రణాళికలో ఏముండాలి అన్నవి దాని చర్చలు. పనిచేసే ఇంజనీర్ల సంఘం ఒక రకం, పాఠం చెప్పే అధ్యాపకుల సంఘం మరో రకం. చెన్నైలో రెండు రకాలూ వేళ్లూనుకున్నాయి.

చేపాక్కం, గిండీ

సంస్థ మద్రాసులో నమోదైన 1920లోనే నగరంలో మరో పెద్ద మార్పు జరిగింది. చేపాక్కంలోని కలశ మహల్‌లో 1862 నుంచి నడుస్తున్న ఇంజనీరింగ్ కాలేజీ గిండీలోని కొత్త ఆవరణకు తరలిపోయింది. ఆ కాలేజీ మూలం 1794 మే 17న సెయింట్ జార్జి కోట దగ్గర ఎనిమిది మంది విద్యార్థులతో మొదలైన సర్వే స్కూలు. ఖగోళ పరిశీలకుడు, సర్వేయరు మైకేల్ టాపింగ్ సూచనతో అది పుట్టింది. కంపెనీ ప్రభుత్వానికి భూములు కొలిచేవాళ్లు కావాలి, వాళ్లను ఇంగ్లండు నుంచి తెచ్చుకోవడం ఖరీదు. 1858లో అది సివిల్ ఇంజనీరింగ్ స్కూలుగా, మరుసటి ఏడు కాలేజీగా మారింది. 1894లో మెకానికల్ కోర్సు, 1930 ప్రాంతంలో ఎలక్ట్రికల్ కోర్సు వచ్చి చేరాయి. 1978లో అన్నా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అందులో కలిసింది.

తెలుగువాళ్లకు గిండీ ఎంత ముఖ్యమో ఈ తరానికి ఊహించుకోవడం కష్టం. సర్కారు జిల్లాల కుర్రవాడైనా, రాయలసీమ కుర్రవాడైనా, మద్రాసు ప్రెసిడెన్సీలో సివిల్ ఇంజనీరు కావాలంటే రైలెక్కి మద్రాసు రావలసిందే. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టి, దేశ నీటిపారుదల మంత్రి అయి, నాగార్జునసాగర్‌తో పేరు పెనవేసుకున్న కానూరి లక్ష్మణరావు గిండీ విద్యార్థే. 1946లో ప్రెసిడెన్సీ ప్రభుత్వం కొత్త ఇంజనీరింగ్ కాలేజీలు తెరిచినప్పుడు, అనంతపురానికని మంజూరైన కాలేజీ కూడా ముందు మద్రాసులోనే తరగతులు మొదలుపెట్టి, ఆ తర్వాత అనంతపురం చేరింది. విశాఖలో మొదలైన కాలేజీ కాకినాడకు మారింది. ఇప్పటి జె.ఎన్.టి.యు. సంస్థలకు మూలాలు ఇవే.

సీట్లు తక్కువ, ఫీజులు, మద్రాసులో బస ఖర్చులు ఎక్కువ. అర్హత ఉండీ చేరలేనివాళ్లే అధికం. వాళ్లలో చాలామంది డిప్లొమాతోనో, అదీ లేకుండానో ఓవర్సీరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా, ఫిట్టరుగా ఉద్యోగంలో చేరిపోయేవారు. చేరాక ఒక మెట్టు దగ్గర ఆగిపోయేవారు. ఆ పై పదవికి డిగ్రీ కావాలి.

లలిత, వృత్తి సంఘం పరీక్ష

వృత్తి సంఘం పరీక్షకు ఆ రోజుల్లో ఎంత విలువ ఉండేదో చెప్పడానికి అయ్యలసోమయాజుల లలిత జీవితం మంచి ఉదాహరణ. 1919 ఆగస్టు 27న మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. పదిహేనేళ్లకు పెళ్లయింది. పద్దెనిమిదేళ్లకు భర్త పోయాడు. చంకలో నెలల పసిబిడ్డ. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ పూర్తి చేసిన కూతురికి తండ్రి తన కాలేజీలోనే సీటు అడిగాడు. అప్పటి ప్రిన్సిపాల్ కె.సి. చాకో, ప్రజావిద్యా శాఖ డైరెక్టరు అంగీకరించారు. ఆమె వెనుకే సివిల్ ఇంజనీరింగ్‌లో లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా చేరారు. 1943లో ముగ్గురూ చదువు పూర్తి చేశారు. పట్టాల మీద మగవాళ్లకని అచ్చువేసిన సర్వనామాన్ని కొట్టివేసి, ఆడవాళ్లకు తగినట్టు చేత్తో దిద్దవలసి వచ్చింది. నూట యాభై ఏళ్ల నాటి కాలేజీకి అంతకుముందు ఆ అవసరమే రాలేదు.

లలిత అక్కడితో ఆగలేదు. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది శిక్షణ అయ్యాక సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగ్ సహాయకురాలిగా చేరారు. అక్కడ ఉంటూనే లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ గ్రాడ్యుయేట్‌షిప్ పరీక్ష రాశారు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ చేశారు. భాక్రా నంగల్ విద్యుత్తు పనులు వాటిలో ఉన్నాయి. 1953లో లండన్ సంస్థలో అసోసియేట్ సభ్యురాలు, 1966లో పూర్తి సభ్యురాలు అయ్యారు. 1964 జూన్‌లో న్యూయార్కులో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్లారు. 1979లో కన్నుమూశారు. మద్రాసు డిగ్రీ చేతిలో ఉన్న మనిషే మళ్లీ వృత్తి సంఘం పరీక్షకు కూర్చున్నారంటే, తోటి ఇంజనీర్ల గుర్తింపుకు అప్పట్లో ఉన్న బరువు తెలుస్తుంది. డిగ్రీ లేనివాళ్ల విషయంలో ఆ పరీక్ష బతుకుతెరువునే మార్చగలదు.

ఏఎంఐఈ నడిచే తీరు

ఏఎంఐఈ పరీక్షకు రెండు భాగాలు: సెక్షన్ ఎ, సెక్షన్ బి. మొదటిది అన్ని శాఖలకూ పునాది. డిప్లొమా ఉన్నవాళ్లకు ఒక తీరు, ప్లస్ టూతో వచ్చేవాళ్లకు మరో తీరు ప్రశ్నపత్రాలు. డిప్లొమా అభ్యర్థి ముందుగా సీనియర్ టెక్నీషియన్ సభ్యుడుగా చేరాలి. ఇటీవలి ప్రణాళికలో మెటీరియల్ సైన్స్, కంప్యూటింగ్, డిజైన్–తయారీ, సమాజం–పర్యావరణం వంటి పత్రాలు అందరికీ ఉన్నాయి. రెండో భాగంలో ఎవరి శాఖ వారిది: సివిల్ అభ్యర్థికి స్ట్రక్చర్లు, మట్టి, నీరు, ఎలక్ట్రికల్ అభ్యర్థికి యంత్రాలు, విద్యుత్తు వ్యవస్థలు. తర్వాతి నిబంధనల్లో ప్రయోగశాల పని, ప్రాజెక్టు కూడా తప్పనిసరి అయ్యాయి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకటి, శీతాకాలంలో ఒకటి, దేశమంతటా ఉన్న కేంద్రాల్లో జరుగుతాయి. ఒక్కో విడతలో రెండు పత్రాలే రాస్తానన్నా, నాలుగు రాస్తానన్నా అభ్యర్థి ఇష్టం. రెండు సెక్షన్లూ గట్టెక్కితే ఇంజనీరింగ్ డిగ్రీతో సమానమని కేంద్ర ప్రభుత్వం గుర్తించింది. దాంతో యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్షకు, గేట్‌కు, ఎం.టెక్. ప్రవేశానికి, శాఖాపరమైన ప్రమోషన్లకు తలుపులు తెరుచుకున్నాయి.

ఈ ఏర్పాటులో సంస్థ సిలబస్ ఇచ్చి, పుస్తకాల పేర్లు చెప్పి, ప్రశ్నపత్రం పెట్టి దిద్దేది. చదువు మాత్రం అభ్యర్థి సొంత బాధ్యత. దాని గొప్పతనం, లోపం రెండూ ఇందులోనే ఉన్నాయి. ఫీజు తక్కువ, ఉద్యోగం మానక్కర్లేదు, వయసు అడ్డు కాదు. అయితే షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషికి ద్రవ యాంత్రిక శాస్త్రం చెప్పేవాడెవడు? గణితం దగ్గర చిక్కుపడితే అడగడానికి మనిషి లేడు. చేరినవాళ్లలో చాలామంది మధ్యలోనే ఆగిపోయేవారు. పూర్తి చేసినవాళ్లకు ఆరేడేళ్లు, అంతకన్నా ఎక్కువ పట్టడం మామూలే. ట్యుటోరియల్ కేంద్రాలు, ముందు రాసినవాళ్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, తోటి ఉద్యోగుల సాయంకాలపు చదువులు, ఇవే బడి. పట్టుదల ఉన్న మనిషికి సంస్థ న్యాయమైన పరీక్ష ఇచ్చింది, గురువును మాత్రం ఇవ్వలేకపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత మద్రాసులో ఇలాంటి అభ్యర్థులకు కొదవ లేదు. 1955 అక్టోబరు 2న పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఎన్నూరులో అశోక్ లేలాండ్, ఆవడిలో యుద్ధ ట్యాంకులు తయారుచేసే హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ, మణలిలో చమురు శుద్ధి కర్మాగారం, ఓడరేవు, విద్యుత్తు బోర్డు, పబ్లిక్ వర్క్స్ శాఖ. వీటన్నిటిలోనూ డ్రాయింగు బల్లల దగ్గర, టెస్టింగు బెడ్ల దగ్గర డిప్లొమా చేతిలో పెట్టుకుని పై మెట్టు కోసం చూస్తున్న వాళ్లుండేవారు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న ఉత్తర చెన్నై పారిశ్రామిక వాడల్లోనే ఈ కర్మాగారాలు చాలామటుకు వచ్చాయి. సూపర్‌వైజరు ఇంజనీరు కావడం ఇలాంటి చోట జీతానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఏళ్ల తరబడి యంత్రాన్ని చేత్తో తెలుసుకున్న మనిషి, దాని వెనుక లెక్క కూడా తెలుసుకుని డిజైన్ గదిలోకి వెళ్లడం పరిశ్రమకే లాభం. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన ఇంజనీరు దగ్గర ఈ అనుభవం సహజంగానే ఉండదు.

అధ్యాపకుల సంఘం, తరమణి

రెండో రకం సంఘం కథ క్లుప్తంగా. 1941లో సాంకేతిక సంస్థల ప్రిన్సిపాళ్లు తమకొక సంఘం పెట్టుకున్నారు. 1968లో అది అధ్యాపకులందరికీ సభ్యత్వమిచ్చే ఇండియన్ సొసైటీ ఫర్ టెక్నికల్ ఎడ్యుకేషన్‌గా మారింది. ఐఎస్‌టీఈ అంటే ఇంజనీరింగ్ కాలేజీల్లో తెలియనివారుండరు. ఢిల్లీ ఐఐటీ ఆవరణ ప్రధాన కేంద్రంగా, తమిళనాడుతో సహా రాష్ట్రాల విభాగాలతో, కాలేజీకో విద్యార్థి శాఖతో అది పనిచేస్తుంది. అధ్యాపకులకు పునశ్చరణ తరగతులు దాని ముఖ్యమైన పని. బొంబాయి ఐఐటీతో కలిసి 2009 తర్వాత వేలాది మంది అధ్యాపకులకు దూరం నుంచే శిక్షణ ఇచ్చిన కార్యక్రమంలోనూ దాని పేరుంది.

చెన్నైలో ఈ పనికి అసలు బలం ప్రభుత్వ సంస్థ నుంచి వచ్చింది. 1964లో తరమణిలో సాంకేతిక అధ్యాపకుల శిక్షణ సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు ఎన్ఐటీటీటీఆర్. దక్షిణాది పాలిటెక్నిక్ అధ్యాపకులు పాఠం చెప్పడమెలాగో నేర్చుకోవడానికి అక్కడికే వెళ్లేవారు. తెలుగు పాలిటెక్నిక్ మాస్టర్లకు తరమణి హాస్టలు బాగా తెలిసిన చోటు. హైదరాబాదులో దానికి విస్తరణ కేంద్రం కూడా ఉంది. ఇంజనీరుకు సబ్జెక్టు వస్తే చాలు, పాఠం చెప్పడం అదే వస్తుందన్న నమ్మకాన్ని ఆ సంస్థ బహిరంగంగా కాదంది. అంతకన్నా విలువైన మాట ఇంజనీరింగ్ విద్యలో తక్కువ. కాలేజీలు వందల సంఖ్యలో పుట్టుకొచ్చిన దశాబ్దాల్లో ఆ మాట వినేవాళ్లు కరువయ్యారు.

2013 తర్వాత

ప్రైవేటు కాలేజీల రాకతో ఏఎంఐఈ కాళ్ల కింద నేల కదలడం మొదలైంది. 1977లో విజయవాడలో వి.ఆర్. సిద్ధార్థ కాలేజీతో ఆంధ్రప్రదేశ్‌లో, 1984–85లో తమిళనాడులో స్వయం ఆర్థిక కాలేజీల కాలం వచ్చింది. తమిళనాట ఇంజనీరింగ్ కాలేజీలు ఒక దశలో ఐదు వందలు దాటాయి. డిప్లొమా విద్యార్థి నేరుగా రెండో సంవత్సరంలో చేరే దారి తెరుచుకుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈసెట్ అదే. ఉద్యోగులకు సాయంకాలపు బి.ఇ. కోర్సులు వచ్చాయి. సీటు దొరకని రోజులు పోయి, సీట్లు మిగిలే రోజులు వచ్చాయి.

అసలు దెబ్బ ప్రభుత్వ నిర్ణయంతో తగిలింది. వృత్తి సంఘాల పరీక్షలకు డిగ్రీతో సమానత్వం శాశ్వతంగా ఇచ్చే విధానాన్ని కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ నిలిపివేసింది. 2013 మే 31 వరకు పేరు నమోదు చేసుకున్నవారికే పాత గుర్తింపు వర్తిస్తుంది. ప్రభుత్వ వాదనలో పస ఉంది. తరగతి గది లేకుండా, ప్రయోగశాలలో తగినంత సమయం లేకుండా ఇంజనీరును తయారుచేయడం ప్రమాదమే. ఇలాంటి పేర్లతో డబ్బు దండుకున్న నాసిరకం సంస్థలు దేశంలో ఉన్న మాటా నిజమే. కానీ ఒక్క గీతతో అన్నిటినీ కొట్టేయడంలో అన్యాయం కూడా ఉంది. 1928 నుంచి కఠినంగా పరీక్ష పెట్టి, తప్పినవాళ్లను మొహమాటం లేకుండా తప్పించిన సంస్థను, సర్టిఫికెట్లు అమ్మే దుకాణాలను ఒకే గాటన కట్టకుండా, ప్రయోగశాల గంటలు పెంచమనో, దగ్గరి పాలిటెక్నిక్‌తో కలిసి బోధించమనో అడిగి ఉండవచ్చు. ఆ మార్పుతో ఏఎంఐఈ గురువు లేని లోపం తీరి మరింత బలపడేది.

ఇప్పటి పని

చేపాక్కం కేంద్రంలో నేటి కార్యకలాపాలు ఎక్కువగా ఉపన్యాసాలు, సాంకేతిక సదస్సులు, విద్యార్థి శాఖలు, ఛార్టర్డ్ ఇంజనీరు అర్హత చుట్టూ తిరుగుతాయి. ఆస్తి విలువ కట్టడంలో, కస్టమ్స్ దగ్గర యంత్రాల పరిశీలనలో, కోర్టు కేసుల్లో ఛార్టర్డ్ ఇంజనీరు సంతకానికి ఇప్పటికీ గిరాకీ ఉంది. సంస్థ పత్రిక అయిదు శ్రేణులుగా స్ప్రింగర్ ప్రచురణగా వెలువడుతోంది. సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం దేశంలోని అన్ని కేంద్రాల్లోనూ పెద్ద కార్యక్రమం. ఆ రోజు పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులది ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదును కాపాడే పథకం వేసిందీ ఆయనే. ఖైరతాబాదులోని సంస్థ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు.

ఉద్యోగంలో ఉన్న ఇంజనీరుకు మళ్లీ చదువు చెప్పే పనిని సంస్థ గట్టిగా చేపట్టింది చెన్నైలో కాదు, హైదరాబాదులో. 1981లో అక్కడ ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియాను స్థాపించింది. గచ్చిబౌలిలోని ఆ కాలేజీకి నీటిపారుదల, విద్యుత్తు, రోడ్ల శాఖల ఇంజనీర్లు వారం పది రోజుల శిక్షణలకు వస్తుంటారు. ఇక్కడ గురువు ఉన్నాడు, తరగతి ఉంది. ఏఎంఐఈలో లేనివి ఇవే. అయితే ఇక్కడికి వచ్చేది ఇప్పటికే ఇంజనీరైన వ్యక్తి, శాఖ ఖర్చుతో.

డిప్లొమా దగ్గర ఆగిన ఉద్యోగి సంగతిని ఈమధ్య మద్రాసు ఐఐటీ మరో వైపు నుంచి పట్టించుకుంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో చేపట్టిన ఎన్‌పీటెల్ పాఠాలకు సమన్వయ కేంద్రం గిండీ పక్కనే ఉన్న ఆ ఆవరణ. 2014 నుంచి వాటికి పరీక్ష, సర్టిఫికెట్ కూడా ఉన్నాయి. 2020లో జేఈఈ లేకుండా చేరగల ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ కోర్సు వచ్చింది. తర్వాత ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ వచ్చింది. పాఠాలు ఇంట్లో, పరీక్ష నగరంలోని కేంద్రంలో: ఏఎంఐఈ చట్రమే, మాస్టరు మాత్రం ఈసారి తెర మీద ఉన్నాడు. సివిల్, మెకానికల్ శాఖల్లో అలాంటి కోర్సు ఇంకా లేదు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసే డిప్లొమా ఉద్యోగికి కావలసినవి ఆ శాఖలే. వాటికి సిలబస్సు, ప్రశ్నపత్రాలు, దిద్దే ఇంజనీర్లు చేపాక్కంలోని సంస్థ దగ్గర ఇప్పటికీ ఉన్నారు.